నాలుగు బోల్టుల పని

ఒరేయ్ తమ్ముడూ,

నీ పుణ్యమా అని వారం రోజులుగా మా కారు బంపరు సోఫా మీద పడుకుంది. "రేడియేటర్ కారితే మెకానిక్కెందుకు బావా, నాలుగు బోల్టులు విప్పితే అయిపోతుంది" అన్నావుగా, మీ బావగారు అదే పట్టుకున్నారు. పదకొండు విప్పారు.

కొత్తది కొనితెచ్చారు. బిగించారు. నీళ్లు పోస్తే పోసినట్టే కిందికొచ్చాయి. మళ్లీ విప్పారు, మళ్లీ బిగించారు, మళ్లీ కారింది. ఆదివారం షాపువాడి అంతు చూస్తారట. సోమవారం పొద్దున్నే మా అత్తగారికి కంటి ఆపరేషన్!

ఫోన్లో చెబితే ఆయన చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. పాత రేడియేటర్ నిండా మట్టి, చచ్చిన పురుగులు. చూడలేక సబ్బు పెట్టి తళతళలాడేలా తోమి, కొత్తదాని పక్కనే గోడకి ఆనించి ఆరబెట్టాను. ఆయన దాన్నే తీసుకెళ్లి బిగించారు. కొత్తది ఇంకా గోడ దగ్గరే ఉంది.

శనివారం ఊరికే వచ్చినట్టు వచ్చి, నువ్వే కనిపెట్టినట్టు చెప్పి మార్చెయ్.

నేను చెప్పలేనురా. నిన్న ఆ గోడకున్నదాన్ని చూసి, "ఎంత బాగా తోమావే, అచ్చం కొత్తదానిలా ఉంది" అన్నారు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

మీ అక్క