జేజినాయన మానేసిన చుట్ట

నంద్యాల,
బుధవారం, జులై 1946.

నోట్లో చుట్ట లేకున్నా జమీందారు లాగే కనిపించే మా జేజినాయనకు,

మీ కొడుకు కొడుకు రంగయ్య, బి.ఎ., సాష్టాంగపడి, నేల మీది దుమ్మంతా చొక్కాకు పూసుకొని విన్నవించుకొనునది ఏమనగా, నన్ను క్షమించవలెను. మొన్న ఆళ్లగడ్డకు వచ్చినప్పుడు మన ఎద్దులను ఇంగ్లీషులో అదిలించినందుకు క్షమించవలెను. గోవిందమ్మత్త చేసిన సంగటి ముద్దతో కోట గోడలు కూలగొట్టవచ్చునని అన్నందుకు క్షమించవలెను. ఇంత చదివీ ఇంటి లెటర్‌కు కూడా చిత్తు రాసుకొనే గుమాస్తానైనందుకు మరీ మరీ క్షమించవలెను. ఈ ఘోరాలకు ఏ శిక్ష వేసినా తల వంచుతాను. ఈ ఉత్తరం ఇందుకోసమే రాస్తాండానని నమ్మి, ఇక్కడే మడిచి గూట్లో పెట్టేస్తే మనిద్దరికీ సుఖం.

మడవలేదా? సరే. ఇంక 'మీరు' అని రాయడం నా వల్ల కాదు, నువ్వనే రాస్తా.

అరవై ఎనిమిదేండ్ల వయసులో మా జేజినాయన శేషయ్య చుట్ట ఎందుకు మానేసినాడు? దీని మీద మన వీధిలో జరిగినంత చర్చ మద్రాసు శాసనసభలో కూడా జరిగి ఉండదు. నంద్యాల డాక్టరు "ఊపిరితిత్తులు పోతాయి" అంటే, "నీ వయసెంత నాయనా?" అని అడిగి ఆయన బల్ల ముందరే ముట్టించినావు. జేజి నీతో కాపురం చేసిన నలభై ఏండ్లూ పోరి పోరి, కన్ను మూసింది. నీ దగ్గుకు గూట్లో కోళ్లు లేచేవి. అప్పుడెప్పుడూ మానలేదు. పండ్లు ఊడినాయి గాబట్టి పట్టు దొరకలేదని నీ జతగాడు పుల్లయ్య తాత అంటాడు. జేజి కల్లోకొచ్చి తిట్టిందని అత్త అంటుంది.

అసలు సంగతి ఆదివారం అరుగు మీద నా చెవులారా విన్నా. పుల్లయ్య తాత చుట్ట ముట్టించి నీ మూతి దగ్గర పెట్టినాడు.

"ఒక్క దమ్ము లాగప్పా శేషయ్యా. దేవుడేమన్నా అరుగెక్కి కాపలా కాస్తాండాడా?"

"వద్దు."

"పోనీ వాసనన్నా చూడు."

"ఇంతసేపూ చేస్తాండేది అదే గదా. ఆ పక్కకు తిరిగి కాల్చుకో."

నవ్వుతానే అన్నావు. కానీ నీ వేళ్లు వణుకుతాంటే పంచె మడతలో దాచుకున్నావు. నేను చూసినా.

"ఏందప్పా నీ మొండితనం?"

"పిల్లోనికి విషజ్వరం వచ్చినప్పుడు అహోబిలం సామికి మాటిచ్చినా. నాకని ఉండే ఇష్టం అదొక్కటే. ఇచ్చేసినా. పిల్లోడు లేచినాడు. ఇంక అది సామి సొత్తు, నేను ముట్టగూడదు."

నేను మెల్లగా లేచి జారుకుంటాంటే పట్టుకున్నావు. "యాడికి పోతాండావ్? వచ్చే శనివారం ఇద్దరం అహోబిలం పోదాం. నేను చెప్పుల్లేకుండా నడిచొస్తానని మొక్కినా. నువ్వు జ్వరం పడి లేచినోనివి, బండిలో కూర్చో."

ఈ వానల్లో, నల్లరేగడి బురదలో, పదిహేను మైళ్లు నువ్వు నడవాల. నేను బండిలో కూర్చోవాల. ఆ పొద్దు నుంచి నాకు హాస్యం సాగడం లేదు జేజినాయనా.

మంచే జరిగింది గదా అని నాకు నేనే వకీలునై వాదించుకున్నా. నీ దగ్గు తగ్గింది. మిద్దె మెట్లు ఆగకుండా ఎక్కుతాండావని అత్త చెప్పింది. డాక్టరూ జేజీ చేయలేని పని జరిగిపోయింది, నోరు మూసుకుంటే ఏం పోయె అనుకున్నా. మూడు రోజులు వాదించినా. కేసు నిలవలేదు. నీ వేళ్లే అడ్డమొస్తాండాయి. ఇది చదివినాక నువ్వు మళ్లీ ముట్టిస్తే ఆ దగ్గుకు బాధ్యుణ్ణి నేనే. ముట్టించకుంటే ఆ వణుకుకూ నేనే. కాల్చుకో అని చెప్పే ధైర్యం లేదు, వద్దని చెప్పే మొగమూ లేదు. అది నీకూ సామికీ మధ్య విషయం. కానీ శనివారం మాత్రం నడవద్దు. కాళ్లు పట్టుకొని అడుగుతాండా.

జ్వరం సంగతి నా గదిలో ఉండే లక్ష్మీనరసింహం నీకు రాసినాడు గదా, అంటుజ్వరం, ఎవ్వరూ చూడ్డానికి రాగూడదని. అహోబిలం గుడి అయ్యవారి కొడుకు అబద్ధం రాయడని నమ్మినావు. నిజమే, వాడు రాయడు. రాయలేదు కూడా. ఎడమచేత్తో నేను రాసినా. పది దినాలకు 'తగ్గింది' అని వచ్చిన ఉత్తరమూ ఆ చేతిదే. మే నెలలో మీరంతా జేజి సంవత్సరీకానికి విస్తరి వేసి, రాని నా కోసం దిగులు పడతాండే పొద్దు, నేను బనగానపల్లె తోటలో స్నేహితులతో కూర్చొని మామిడిపండ్లు తింటా ఉంటి. నాకు జ్వరం రాలేదు జేజినాయనా.

నీ మనమడు,
రంగయ్య