పుట్టిలో బూట్లు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైన రోజే సోమశిల రేవులో లాంచీ కంపెనీ వాళ్లు సభ పెట్టి తమ చరిత్ర చెప్పుకున్నారు. వాళ్ల సరుకు లాంచీ ఇసుకలో కూరుకుపోయిననాడు మిర్చి బస్తాలను నీ గుండ్రటి వెదురు పుట్టిలో ఒడ్డుకు చేర్చావు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సభకు ముందే, నీ పేరు రాస్తామని వదినను అడిగి ఆ పుట్టిని తీసుకుపోయారు. దాని పక్కన బస్సంత బోర్డు పెట్టి, "మా కంపెనీ మొదటి సరుకు నావ" అని రాశారు.

"మా ఆయన పేరేది సారూ?" అంది వదిన.

"జాగా సరిపోలేదమ్మా," అన్నాడు మేనేజరు.

ఉపన్యాసానికి యజమాని బూట్లతోనే పుట్టిలోకి ఎక్కాడు. నువ్వు ఎంతటివాడినైనా చెప్పులు విప్పించి గానీ ఎక్కించుకునేవాడివి కాదు.

"సారూ, పుట్టిల బూట్లతోటి నిలవడరు. జర ఇడువుండ్రి," అంది వదిన.

"ఇప్పుడిది బొమ్మే కదమ్మా!" అని నవ్వాడు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

తర్వాత కొత్త లాంచీకి కొట్టమని వదిన చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. ఆమె దాన్ని కొంగులో కట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. వెనక నుంచి మేనేజరు పిలుస్తూనే ఉన్నాడు.

ఆ కాయతో పచ్చడి నూరింది. నీకు పెట్టిన విస్తట్లోనూ వేసింది. కాయ మంచిదే.