అన్నయ్య దాహం

ఆదివారం, చిక్కడపల్లి

మతి చెదిరిన అన్నయ్యను చూడటానికి బర్కత్‌పురలోని మానసిక రోగుల హోంకి వెళ్లాను. అతని రెండు మణికట్ల చుట్టూ తాడు ఒరిసిన పుండ్లున్నాయి.

"రాత్రిళ్లు ఒర్లుతడక్కా, అందరికీ పరేషాన్. గందుకే కడతం," అన్నాడు మేనేజర్, అదేదో మామూలు విషయమైనట్టు.

"ఎందుకు అరుస్తున్నావు అన్నయ్యా?"

"దాహం," అన్నాడు అన్నయ్య.

పుండ్లు ఫోటో తీసి, పోలీసులకు ఫిర్యాదిచ్చి, అన్నయ్యను ఇంటికి తెచ్చేశాను. అమ్మ బతికి ఉంటే ఆ చేతులు చూసి తట్టుకునేదా...

సాయంత్రం మేనేజర్ ఫోన్ చేశాడు. "అక్కా, జర కేసు వాపస్ తీస్కోండి. పిల్లలున్నోణ్ణి," అంటూ ఏడ్చాడు. నేను ఫోన్ పెట్టేయలేదు. అతను ఏడ్చినంతసేపూ వింటూ కూర్చున్నాను. హాయిగా అనిపించింది. రేపు కూడా చేస్తే బాగుండు.