బ్లోయర్ ఆగిన పండగ

సెప్టెంబర్ 8

ఈసారి కూడా బాక్టీరియా చచ్చిపోయింది. చిల్లకల్లు దగ్గర ఈ కెమికల్ ఫ్యాక్టరీలో మురుగునీళ్ల నిండా ఫినాల్. ఆ విషాన్ని తినే బాక్టీరియాను పెంచడానికే నన్ను తీసుకున్నారు. అది తినదు. ఓనర్ సతీష్‌బాబు గారు నన్ను తినేస్తున్నారు.

సెప్టెంబర్ 15

వెనక వాగు పక్కన ఉండే సుభాన్‌బీ గేటు దగ్గరికి వచ్చింది. బోరు నీళ్లు ఆస్పత్రి వాసన కొడుతున్నాయట. గేదెలే మూతి తిప్పుకుంటున్నాయి, మరి మేమెట్టా తాగాలమ్మా అంది. దసరా దాటాక వాగులోకి శుభ్రమైన నీళ్లే వదులుతామని మాటిచ్చాను. ఎందుకిచ్చానో!

సెప్టెంబర్ 29, ఉదయం 7

నీళ్లలో ఫినాల్ బాగా తగ్గిపోయింది! నమ్మకం లేక మళ్లీ టెస్ట్ చేశాను. నిజమే.

ఈసారి పేడనీళ్లు, బెల్లం పోసి, చంటిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు ఫినాల్ కొద్దికొద్దిగా అలవాటు చేశాను. ఇక వాటికి గాలి అందుతూ ఉంటే చాలు. ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ మాత్రం ఆపొద్దని ఆపరేటర్ బుల్లిబాబుకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. రేపు పండక్కి నందిగామ, ఇంటికి.

అక్టోబర్ 3

కుళ్లిన గుడ్ల కంపు గేటు దాకా వస్తోంది. ట్యాంకు నల్లగా అయిపోయింది. గాలి అందక బాక్టీరియా అంతా చచ్చిపోయింది.

ఆయుధపూజకని బుల్లిబాబు మోటార్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కోసి, ఆపేశాడు. బ్లోయర్‌ని కూడా. పండగ రెండు రోజులూ. ఏడాదంతా తిరిగేదే కదండీ మేడం, పండగపూటన్నా దానికి రెస్టు వద్దాండీ అన్నాడు. అన్నిటికంటే పెద్ద బంతిపూల దండ దానికే వేశాడట. ఏమని తిట్టను? ఆపొద్దని చెప్పాను. పండగ రోజు కూడా అని చెప్పలేదు.

బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

అక్టోబర్ 4

ఒక్క నెల టైమివ్వండి, అందాకా ప్రొడక్షన్ తగ్గించండి అని సతీష్‌బాబు గారిని బతిమాలాను. ఆర్డర్లున్నాయమ్మా, ఆపటం కుదరదు, వానలు పడతన్నాయిగా, వాగులో కలిసిపోద్దిలే అన్నారు. నేను అక్కడ నిలబడి ఉండగానే బుల్లిబాబుతో మురుగు వాగులోకి వదిలే వాల్వ్ తిప్పించారు.

అక్టోబర్ 5

వాగు నిండా నురగ.

అక్టోబర్ 6

సుభాన్‌బీ ఇంటికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. ఎండన పడి వచ్చావు, కూర్చోమంది. గ్లాసుతో బోరు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తాగలేకపోయాను. ఆవిడే తాగేసింది.