పోలమ్మను చదవమన్న రోజు

1963 జులై 12, శుక్రవారం

"రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడు. మీ పాలెం పిల్లకాయల్ని పంపబాకయ్యా" అని అయ్యవారు నిన్న, బడిలో గంట కొట్టే నాతో చెప్పాడు. నేను కావాలనే తిరగేశాను. మా జాలరి పిల్లలనే తలలు దువ్వించి పంపి, రైతుల పిల్లలకు సెలవని చెప్పాను. కిటికీలోంచి చూస్తే అయ్యవారి ముఖం ఎండుచేపలా ముడుచుకుంది.

ఇన్‌స్పెక్టరు నా కూతురు పోలమ్మను చదవమన్నాడు. మూడేళ్లుగా వెనక వరసలో కూర్చుంటున్నా దానికి ఒక్క అక్షరం రాలేదు.

"చూసినారా సార్, వీళ్లకు చదువెక్కదు" అన్నాడు అయ్యవారు.

ఆయన పరువు తీయబోయి బిడ్డ పరువు తీశాను. ఇంటికొచ్చి ఏడుస్తుందనుకున్నాను.

"నన్ను చదవమని అడిగినోడు ఆయనొక్కడే నాయనా. మళ్లా ఎప్పుడొస్తాడు?" అంది.

ఈ నాలుగు ముక్కలు రాసుకునే చదువు నాకుంది. నేనైనా బిడ్డను చదవమని ఎప్పుడూ అడగలేదు.