గుర్వమ్మక్క ఒడిబియ్యం

హైదరాబాద్ ఆఫీసు,
సోమవారం

నారాయణపేట మగ్గాల షెడ్డు మేనేజర్ పరశురాం గారికి కమలాకర్ నమస్కారాలు.

ఎనిమిది మగ్గాలతో మొదలైన మన చీరల కంపెనీ అరవైకి చేరింది. మూడు రోజులు నాయకత్వ శిక్షణకు వెళ్లొచ్చాను, కళ్లు తెరుచుకున్నాయి. ఇకపై నన్నెవరూ 'సార్' అనకూడదు. 'మనమంతా ఒకే కుటుంబం' అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. అందరూ అలాగే మెలగాలి.

మీ శ్రేయోభిలాషి,
కమలాకర్

తా.క. కండెలకు దారం చుట్టే యంత్రం వస్తోంది. చేత్తో చుట్టే గుర్వమ్మను నెలాఖరుకు మాన్పించండి.

నారాయణపేట,
గురువారం

కమలాకర్ గారికి (సార్ అనవద్దన్నారు కదా) పరశురాం దండాలు.

మీరు ఫోనెత్తరు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. గోడ మీద రాత ఆరకముందే బిక్షమ్మ వచ్చి, "కుటుంబమంటే వరుసలుండాలె గద, సారు నాకేమైతడు?" అని నిలదీసింది. మగ్గాలు ఆపి పొద్దంతా వరుసలు కలుపుకున్నాం. బిక్షమ్మకు మీరు అల్లుడు. నూలుకు రంగులేసేవాళ్లకు బావ. "సారుకు అక్కచెల్లెండ్లు లేరంట, నేను అక్కనైత" అని గుర్వమ్మే ముందుకొచ్చింది. ఇంటి ఆడబిడ్డను పని మాన్పించడం ఎలాగో శిక్షణలో చెప్పారా?

ఇట్లు, ఇంకా ఏ వరుసా తేలని
పరశురాం

తా.క. ఆఫీసులో మీ ఫొటోకు రంగులవాళ్లు మీసాలు గీశారు. బావతో వేళాకోళం వాళ్ల హక్కట.

హైదరాబాద్,
శనివారం

పరశురాం గారికి,

కుటుంబమని మాటవరసకన్నాను, వరుసలు కలుపుకోమనలేదు! ముందా మీసాలు తుడిపించండి. గుర్వమ్మ సంగతి సాగదీయకండి.

కమలాకర్

తా.క. అంతగా అయితే ఆడబిడ్డనే అనుకోండి. ఆడబిడ్డను పంపినట్టే మర్యాదగా పంపండి.

నారాయణపేట,
మంగళవారం

కమలాకర్ గారికి దండాలు.

మీ ఉత్తరం చదివి వినిపించాను. గుర్వమ్మ కళ్లు తుడుచుకుని, "పొమ్మంటే పోత. గని ఆడబిడ్డను ఒడిబియ్యం పోయకుండ ఎట్ల పంపుతరు? తమ్మున్ని రమ్మను" అంది. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో బియ్యం పోసి సాగనంపడం ఇక్కడి ఆనవాయితీ, నాకూ న్యాయమే అనిపించింది. శుక్రవారం దంపతులుగా రండి. ఆమె ఇంటాయన ఇప్పటికే అంగీ ఉతికించుకున్నాడు.

ఇట్లు, మధ్యలో నలుగుతున్న
పరశురాం

తా.క. మీసాలు తుడిపించాను. ముక్కు కూడా పోయింది.

హైదరాబాద్,
ఆదివారం

పరశురాం గారికి నమస్కారం.

శుక్రవారం మీతో సరిగా మాట్లాడలేకపోయాను. ఆడబిడ్డకు చీర పెట్టాలని తెలియక, చీరల కంపెనీ యజమానినై ఉండి వట్టి చేతులతో వచ్చాను. నేను పోసిన బియ్యం గుర్వమ్మక్క కొంగు చిరుగులోంచి కింద రాలిపోయాయి. ఇరవై ఏళ్లు మన చీరలకు కండెలు చుట్టిన మనిషి! పైగా "ఫికర్ చెయ్యకు తమ్మీ, ఏరుకుంట" అని ఆమే నన్ను ఓదార్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అక్క ఎక్కడికీ పోదు. యంత్రం రానివ్వండి, నడపడం ఆమెకే నేర్పిద్దాం. చీర తీసుకుని వచ్చే వారం వస్తున్నాను.

ఇట్లు, గుర్వమ్మక్క తమ్ముడు
కమలాకర్

తా.క. నాకు కుటుంబం పాఠం చెప్పిన శిక్షకుణ్ణి వాళ్ల కంపెనీ నిన్న తీసేసిందట. పని కావాలని ఫోన్ చేశాడు. మీ దగ్గరికి పంపిస్తున్నాను. గుర్వమ్మక్కకు ఏం వరుసవుతాడో జర చూడండి.