గోడవైపు తిప్పిన బొమ్మలు

చెల్లికి, అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా, నా మోకాలు ఒక్కటి తప్ప. అది కులాసాగా ఉండి చాలా ఏళ్లయింది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసెయ్. నువ్వూ, బావా, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

పేపర్లో నీ ఫొటో చూశాం. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా నలభై ఏళ్లు బొమ్మలేసిన మనిషిని అరవై నాలుగో ఏట గుర్తించామని రాసుకున్నారు. మీ వదిన ఆ పేజీ పట్టుకుని వీధంతా తిరిగింది. "మా ఆడబిడ్డ" అని ఒకటే గొప్ప! నిన్నగాక మొన్నటిదాకా నీ బొమ్మల్ని చూసి "రంగు ఒలికిందా?" అని అడిగిన మనిషే. నేనేం తక్కువ తిన్నానా, ఆ కాగితం మడిచి చొక్కా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వదిన కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా కనిపిస్తోందట, నా ప్రాణం తోడేస్తోంది. వడ్రంగి దుకాణం పెద్దాడికి అప్పగించేశాను. రోజూ పొద్దున్నే వెళ్లి తప్పులు పట్టి మాత్రం వస్తాను. నీ బొమ్మల ప్రదర్శన రోజు ఏ రంగు బట్టలు కట్టుకోవాలో నన్నడుగుతావేమిటి? చెక్కకి ఏ పాలిష్ వెయ్యాలో అడుగు, చెప్తాను.

ఇంక నాలుగోది. పెళ్లికి ముందు మన షెడ్డులో ప్లైవుడ్ పలకల మీద నువ్వు వేసినవి ఏమయ్యాయని అడిగావు. ప్రదర్శన వాళ్లకి అన్నిటికంటే అవే కావాలన్నావు. కిందటిసారి అడిగితే చెదలు తినేశాయేమో అని రాశాను. చెదలు కాదు తల్లీ, నేనే.

నువ్వు కాపురానికి వెళ్లిన ఏడాది చెక్క బీరువాల ఆర్డరొకటి వచ్చింది. సరుకు చాల్లేదు. నీ పలకలు పన్నెండూ కొలతకి కోసి బీరువాల వెనకభాగానికి కొట్టేశాను, బొమ్మ గోడవైపు తిప్పి. లోపలివైపు తిప్పినా పనికొచ్చేవే. కానీ తలుపు తెరిచినప్పుడల్లా కనిపిస్తాయి, ఈ పిచ్చి గీతలెవరివని అడుగుతారు, మా చెల్లివని చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. సరుకు చాలకపోవడం ఒక వంక. ఈ సిగ్గుకి ఏ వంకా దొరకలేదు.

ఈ నెలంతా ఆ బీరువాలున్న ఇళ్ల చుట్టూ తిరిగాను. "కాస్త బీరువా జరుపుతారా, వెనక చూడాలి" అంటే జనం నన్ను ఎగాదిగా చూస్తున్నారు. కొత్త పలక కొట్టిచ్చి పాతది తెచ్చుకుంటున్నాను. ఏడు దొరికాయి. మూడు తడికి ఉబ్బి పాడైపోయాయి. మిగతా రెండూ ఎక్కడున్నాయో తెలీదు.

మొదటిది దర్జీ ఇంట్లో దొరికింది. బీరువా జరపగానే కిటికీలోంచి ఎండ దాని మీద పడింది. పసుపు, దాని మీద ఇంకో పసుపు, మధ్యలో ఎక్కడికీ చేరని నల్ల గీత. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను. సుత్తి చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

"ఏం పెద్దాయనా, కళ్లు తిరిగాయా?" అని దర్జీ భార్య మంచినీళ్లు తెచ్చింది.

"మా చెల్లి వేసింది" అన్నాను. పరాయివాళ్ల ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఎంత బాగుందో! మరి ఇన్నాళ్లూ అటెందుకు తిప్పారు?" అందావిడ. నేను మేకులు పీకడం మొదలుపెట్టాను.

వెలుతురు తగలక రంగులు వెలిసిపోలేదనీ, ఒకరకంగా నేను మేలే చేశాననీ పెద్దాడు అంటున్నాడు. ఆ మేలు నాకొద్దు. నువ్వు తిట్టు, పడతాను.

ఏడింటినీ దుప్పట్లలో చుట్టి ఉంచాను. అంచులు కోసింది నేనే, మేకుల బెజ్జాలూ నేను చేసినవే. వాటిని కనపడకుండా పూడ్చడం నాకో పని కాదు. కానీ నిన్నడక్కుండా నీ పలకల మీద ఇంకోసారి చెయ్యి వెయ్యను. నువ్వు రావద్దంటే పెద్దాడితో పంపిస్తాను. రమ్మంటే మాత్రం వాటి పక్కనే నిలబడతాను. ఈ బెజ్జాలేమిటని ఎవరడిగినా నువ్వు మాట్లాడకు, నేనే చెప్తాను.

ఇట్లు,
నువ్వింకా అలా పిలిస్తే,
నీ అన్నయ్య